ఎండకు ఎదిగిన చేప కణాలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే, "మీ రోజుల్లో మీకు బాగా పేరు తెచ్చిన పని ఏదండీ?" అని అడుగుతుంటారు. అలాంటి పని ఒకటుంది. దానివల్ల నాకు రెండుసార్లు పేరొచ్చింది. మొదటిసారి ఆఫీసంతా పూతరేకులు పంచాను. రెండోసారి, మా లేబొరేటరీ ఎదురుగా ఉన్న టీ బడ్డీకి వెళ్లాలన్నా వెనక గేటులోంచి చుట్టూ తిరిగి వెళ్లాను. మీరు కూడా ఫ్లాస్కులూ పిపెట్లూ పట్టుకునే పనిలో ఉన్నారు గనక ఈ రెండో పేరు ఎలా వచ్చిందో మీకు చెప్పి తీరాలి.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ల మాట. ఏలూరు శివార్లలో మాదొక చిన్న పరిశోధనశాల. కొల్లేరు చుట్టుపక్కల చేపలకూ, తాడేపల్లిగూడెం వైపు కోళ్లకూ వచ్చే జబ్బుల మీద పనిచేసేవాళ్లం. నాది సెల్ కల్చర్ విభాగం. ప్రాణి ఒంట్లోంచి చిన్న ముక్క తీసి, దాని కణాలను ఫ్లాస్కులో, ఎర్రటి పోషక ద్రవంలో పెంచడం మా పని. అలా తరాల తరబడి ఆగకుండా పెరిగే కణాలను సెల్ లైన్ అంటారు. మా నాన్న ఏలూరులో తివాచీలు నేసేవారు. కొడుకు చేసే ఘనకార్యం చూపిద్దామని ఒకసారి ఆయన్ని తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసి, "మేం నేసింది పరుచుకుని కూర్చుంటారు. నువ్వు పెంచింది ఏం చేసుకుంటారు?" అని అడిగారు. నేనొక ఉపన్యాసం ఇచ్చాను. ఆయన మర్యాదకు తలూపి, ఇంటికెళ్లి మా అమ్మతో "వాడు ఏదో ఊరగాయ లాంటిది పెడుతున్నాడు" అన్నారట.

మీకు మాత్రం టూకీగా చెబుతాను. వైరస్‌కి పైన ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగుకి కొక్కేల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. కొక్కెం కణానికి తగులుకుంటేనే వైరస్ లోపలికి పోగలదు. కొరమేను చేపకి చలికాలంలో ఒంటి నిండా పుళ్లు పడి చచ్చిపోయే జబ్బుల్లో ఒకదాని వెనక అలాంటి వైరస్ ఉందని మా అనుమానం. అసలు వైరస్ జోలికి పోకుండా, ఆ కొక్కేన్ని తయారుచేసే జన్యువు ఒక్కటే తెచ్చి కొరమేను కణాల్లో పెట్టి చూద్దామనుకున్నాం. కొక్కేనికి కణం లొంగేదైతే పక్కపక్క కణాలు గోడలు తెరుచుకుని, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద ముద్దలా అవుతాయి. లొంగకపోతే దేని గోడ దానిదే. చెప్పుకోవడానికి ఎంతో తేలికైన పరీక్ష. కాకపోతే అందుకు ముందు కొరమేను కణాలు కావాలి. అవి మాకు తెలిసినంతలో ఎవరి దగ్గరా లేవు.

కొల్లేటికోట నుంచి బతికున్న కొరమేనుల్ని బకెట్లలో తెప్పించేవాళ్లం. బకెట్లో ఉన్నంతసేపూ అవి మహా హుషారు. మూత తీస్తే ఎగిరి మా డైరెక్టరుగారి గదిదాకా పాక్కుంటూ వెళ్లిన చేప కూడా ఉంది. వాటి కణాలు మాత్రం నా చేతిలో పడగానే నీరసించిపోయేవి. నాలుగు రోజులు ఫ్లాస్కు అడుక్కి అతుక్కున్నట్టే ఉండి, తర్వాత ఒక్కొక్కటే ఊడి తేలిపోయేవి. అదే గదిలో ఇంకో మూల, కోళ్ల జబ్బుల వాళ్ల కోసం కోతి మూత్రపిండాల కణాలు కూడా నేనే పెంచేవాణ్ణి. అవి మహా మొండివి. వద్దన్నా పెరుగుతాయి. పొద్దున్నే ముందు వాటికి ద్రవం మార్చి, ఆ సంతోషంతో చేప కణాల దగ్గరకొచ్చి ఏడ్చేవాణ్ణి.

నాతోపాటు ఆ విభాగంలో ఒకావిడ పనిచేసేది. రోజూ తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేది. నాకంటే బాగా చిన్న. మాట తక్కువ, చూపు ఎక్కువ. "సార్, చేపలకీ కోతులకీ వేరే వేరే సీసాలు పెట్టుకుందామండి" అని చేరిన కొత్తలోనే అంది. "నేను ఈ పనిలోకి వచ్చేటప్పటికి నువ్వు బడికి వెళ్తున్నావమ్మా" అన్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పిల్లలూ, ఎదుటివాళ్ల నోరు ఇంత సులువుగా మూయించగలిగామని మీకెప్పుడైనా అనిపిస్తే ఆ రోజు కాస్త కంగారు పడండి.

మే నెలలో చేప కణాల ఇంక్యుబేటరు కంప్రెసరు కాలిపోయింది. చేప కణాలు చల్లగా ఉండాలి. బాగుచేసే మనిషి విజయవాడ నుంచి రావాలి. రేపొస్తానంటాడు, రాడు. ఏలూరు ఎండలకి ఆ గది ఇటుక బట్టీలా కాగిపోయింది. ఇక అన్నీ చచ్చి ఉంటాయి, తీసి పారేద్దామని తలుపు తెరిచాను. నిజంగానే అన్నీ చచ్చాయి, ఒక్క ఫ్లాస్కు తప్ప. దాన్లో కణాలు అంచు నుంచి అంచుదాకా, మా నాన్న నేసిన తివాచీలా ఒత్తుగా పరుచుకుని ఉన్నాయి.

నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి. డైరెక్టరుగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. డైరెక్టరుగారు మంచివారే. ఒకటే బలహీనత, పని మొదలుపెట్టిన రోజే దాని గురించిన ప్రకటన కూడా మనసులో రాసుకునేవారు.

"ఎండకి చావలేదాండీ ఇవి?" అన్నారు.

"కొల్లేరు చేపండి. మన ఎండలకి తరతరాలుగా అలవాటు పడిపోయింది" అన్నాను.

అప్పటికప్పుడు తోచిన మాట అది. సాయంత్రానికి సిద్ధాంతం అయింది. వారం తిరిగేసరికి డైరెక్టరుగారు దానికి 'వేడిని తట్టుకునే కొరమేను కణవంశం' అని పేరు పెట్టి పత్రికలవాళ్లకి చెప్పారు. నేను పూతరేకులు పంచాను. తాడేపల్లిగూడెం ఆవిడ పూతరేకు అందుకుంటూ, "నీళ్లలో ఉండే చేపకి ఇంత వేడి ఎందుకు నచ్చిందంటారండీ?" అని అడిగింది. "అదే కదమ్మా దీని గొప్ప" అన్నాను.

ఆ తర్వాత పనంతా చకచకా సాగింది. కణాలు ఎంత బాగా పెరిగాయంటే అడిగిన లేబొరేటరీలన్నిటికీ పంపాం. కొక్కెం జన్యువు పెట్టి చూశాం. కణాలు కలవలేదు. మళ్లీ పెట్టాం. దేని గోడ దానిదే. దీన్నిబట్టి తేలిందేమిటి? కొరమేను ఆ వైరస్‌కి లొంగదని. ఇంత మంచి వార్త చేతిలో పెట్టుకుని ఊరుకుంటామా? ఉండి అనే ఊళ్లో జరిగిన చేపల రైతుల సమావేశంలో డైరెక్టరుగారు ప్రకటించేశారు.

ఆ సమావేశంలో ఒక మాస్టారు లేచారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఉండి దగ్గర చేపల చెరువు చేస్తున్నాయన. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, మాటలో ఎక్కడా తొందర లేదు.

"ఏవండీ, మరి కొరమేను వేసుకోవచ్చంటారా అండీ?" అని అడిగారు.

డైరెక్టరుగారు నావైపు చూశారు. నేను మైకు అందుకున్నాను. అందుకోకపోతే ఎంత బాగుండేది!

"నిశ్చింతగా వేసుకోండి మాస్టారూ. మాది పూచీ" అన్నాను.

ఆయన కొల్లేటికోట వైపు నుంచి కొరమేను పిల్లల్ని తెప్పించి చెరువు నిండా వేశారు. ఆయన్ని చూసి ఇంకొందరు వేశారు.

వానలు తగ్గే వేళకి డైరెక్టరుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. మన సెల్ లైన్‌ని దేశంలోని పెద్ద కణ భాండాగారంలో శాశ్వతంగా దాచిపెట్టించాలి. వాళ్లు క్రోమోజోముల ఫొటో ఒకటి అడిగారు. అదొక లాంఛనం అనుకున్నాం. ఆ పని తాడేపల్లిగూడెం ఆవిడకి ఇచ్చి, నేను ఆ ఫొటో కింద రాయాల్సిన వాక్యం గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆవిడ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. "సార్, ఒక్కసారి చూస్తారా అండి."

చూశాను. కొరమేను క్రోమోజోములు సన్నగా, నూకల్లా ఉండాలి. ఇక్కడ లావుగా, కాళ్లూ చేతులూ చాపుకుని దర్జాగా ఉన్నాయి.

"స్లైడు మారిపోయుంటుందమ్మా."

ఆవిడ ఇంకో స్లైడు పెట్టింది. అదే దర్జా.

"రంగు పాతదేమో."

కొత్త రంగు వేసింది. రంగు తర్వాత నీళ్లని అనుమానించాను. నీళ్ల తర్వాత మైక్రోస్కోపుని, ఆ తర్వాత కొల్లేటికోట వాళ్లని. ఏదో చిత్రమైన చేప ఇచ్చారేమోనన్నాను. ఆవిడ అన్నిటికీ "అలాగేనండి" అంటూ, మొట్టమొదటి ఫ్లాస్కు నుంచి దాచిన కణాల్ని కూడా తీసి చూపించింది. ఇంక అనుమానించడానికి ఆ గదిలో మిగిలింది నేనొక్కణ్ణే.

"సార్, ఇది చేప కాదండి" అంది మెల్లగా.

"మరి?"

"కోతండి."

కోతి కణాలకి వాడిన సీసాలోంచే చేప కణాలకీ ద్రవం పోసేవాణ్ణి కదా. ఒక చుక్కలో నాలుగు కోతి కణాలు అటు వచ్చి ఉంటాయి. పాపం చేప కణాలు చచ్చిపోతుంటే, ఇవి ఆ చల్లదనంలో ఊపిరాడక ఓ మూల పడున్నాయి. కంప్రెసరు కాలిపోయి గది కోతి ఒంటి వేడికి రాగానే, సొంతూరు చేరినట్టు విజృంభించాయి. ఇన్నాళ్లూ నేను చేప వైరస్ కొక్కేన్ని కోతి గోడకి తగిలించి, అది తగులుకోవడం లేదని చేపల రైతులకి శుభవార్త చెప్పాను.

ముగ్గురం డైరెక్టరుగారి గదిలో కూర్చున్నాం. ఆయన చాలాసేపు ఫ్యాను వైపు చూశారు.

"ఎవరికైనా చెప్పారా?" అన్నారు.

"ఇంకా లేదండి."

"భాండాగారానికి పంపడం మానేద్దాం. ఇంక కణాలు ఎవరికీ ఇవ్వొద్దు. మెల్లగా దాని గురించి మాట్లాడ్డం మానేస్తే అందరూ మర్చిపోతారు. ఏమంటారు?"

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. తలూపబోయాను కూడా. అప్పుడు ఆవిడ అంది, "అందరూ మర్చిపోతారండి. చెరువుల్లో చేపలు ఉండిపోతాయి కదండీ. చలి మొదలవబోతోంది."

జబ్బు వచ్చేది చలికే. నాకు మాస్టారి తెల్ల చొక్కా, మైకులో నా గొంతు గుర్తొచ్చాయి.

"నేను ఉండి ఊరెళ్లి చెప్పొస్తానండి. పూచీ అన్నది నేనే" అన్నాను. గొప్ప ధైర్యంతో అన్నాననుకోకండి. ఇంకొకరు చెప్పగా వాళ్లు వింటే ఇంకా అసహ్యంగా ఉంటుందని అన్నాను.

డైరెక్టరుగారు జీపు ఇస్తానన్నారు. మర్నాడు బయల్దేరబోతుంటే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. "ప్రకటించింది నేను కదండీ" అన్నారు, ఎటో చూస్తూ. ఆయన మీద నాకు ఎన్ని ఫిర్యాదులున్నా ఆ ఒక్క మాటకి అన్నీ కొట్టేశాను. దారి పొడుగునా ఆయన తన ప్రసంగం సరిచూసుకుంటూనే ఉన్నారు. "కణవంశపు గుర్తింపులో కొంత సందిగ్ధత తలెత్తినందున... బాగుందాండీ?" బాగానే ఉందన్నాను. వెనక సీట్లో ఆవిడ కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది.

రైతులంతా పంచాయతీ హాల్లో చేరారు. ఇంకేదో శుభవార్త తెచ్చామనుకున్నారేమో, మా కోసం కూల్‌డ్రింకులు కూడా తెప్పించారు. డైరెక్టరుగారు సందిగ్ధత గురించి మాట్లాడారు. అందరూ శ్రద్ధగా విన్నారు. అయ్యాక చప్పట్లు కొట్టారు. ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదని నాకు తెలిసిపోయింది. లేచాను.

"అయ్యా, మేం చేప కణాలనుకుని పరీక్షించినవి కోతి కణాలండి. పొరపాటు నాది. కొరమేనుకి ఆ జబ్బు రాదని నేను చెప్పిన మాట లెక్కలోంచి తీసెయ్యండి."

వెనక వరసలోంచి ఒకాయన అడిగాడు, "మరి కోతికి రాలేదా అండీ జబ్బు?"

"రాలేదండి."

"అయితే కోతుల్ని పెంచుకోమంటారా?"

హాలు గొల్లుమంది. కొందరు బల్లలు చరిచారు. డైరెక్టరుగారు కూల్‌డ్రింకు సీసాలోకి చూస్తున్నారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉంది. నవ్వనిది ఒక్క మాస్టారే. అందరి నవ్వులూ ఆగేదాకా ఉండి, అప్పుడు లేచారు.

"నా చెరువులో ఉన్నవి మాత్రం చేపలేనండి. వాటికి వస్తుందా, రాదా అండీ?"

ఏదో ఒక ధైర్యం చెప్పాలని నాలుక తహతహలాడింది. దానికి అదే అలవాటు. అతి కష్టం మీద దాన్ని ఆపుకున్నాను.

"తెలీదండి" అన్నాను.

ఉద్యోగంలో చేరాక ఒక రైతుతో ఆ మాట అనడం అదే మొదలు. మాస్టారు మర్యాదగా తలూపారు. తిట్టుంటే బాగుండేది.

"సరేనండి. చలి ముదిరేలోగా ఎదిగినవి పట్టేస్తాను. మిగిలినవాటిని దేవుడు చూడాలి" అన్నారు. హాలు ఖాళీ అయ్యాక మా జీపు దాకా వచ్చి, "మీకు మళ్లీ చేపలు కావాలి కదండీ? నేను పంపుతాను. కోతిని మాత్రం మీరే దూరంగా పెట్టుకోవాలి" అన్నారు. అప్పుడు నవ్వారు. తాడేపల్లిగూడెం ఆవిడ కూడా నవ్వింది. ఆవిడ నవ్వగా నేను చూడడం కూడా అదే మొదలు.

కణాలు పంపిన లేబొరేటరీలన్నిటికీ ఫోన్లు చేసి చెప్పాను. ఒక చోట పెద్దాయన, "మా అమ్మాయి ఎప్పుడో అంది ఇవి చేపవి కావని. మీరు పంపినవి కదా అని ఆ అమ్మాయినే చీవాట్లు పెట్టామండి" అన్నాడు. అయ్యా, ఆ అమ్మాయికి నా క్షమాపణ చెప్పండి అన్నాను. "మాది కూడా కలిపి చెబుతాం లెండి" అన్నాడు. వారంలో ఊరంతా పాకింది. టీ బడ్డీ దగ్గర ఎవరైనా అరటిపండు తింటూ కనిపిస్తే నన్ను చూసే తింటున్నారనిపించేది. ఆ రోజుల్లోనే వెనక గేటు వాడకం మొదలైంది.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి పెత్తనం ఆవిడది. చేప కణాలకి వేరే గది, వేరే సీసాలు, వేరే కోట్లు. కోతి కణాలు ముట్టుకున్న మనిషి ఆ రోజంతా చేప గది గడప తొక్కకూడదు. ఆ మనిషి ఎవరో గదిలో అందరికీ తెలుసు. "సార్, మీరు ఈ పక్కకి రాకండి" అని ఆవిడ నోటితో అనేది కాదు. నన్ను చూడగానే తలుపు దగ్గరగా వేసేది. నేను అద్దంలోంచి చూసి, ఎలా ఉన్నాయని సైగ చేసేవాణ్ణి. ఆవిడ చెయ్యి అటూ ఇటూ ఊపేది.

ఆ చలికాలం ఉండి చుట్టుపక్కల చెరువుల్లో కొరమేనులకి పుళ్లు వచ్చాయి. మాస్టారు పెద్దవాటిని ముందే పట్టి అమ్మేశారు గనక చాలావరకు గట్టెక్కారు. చెరువులో ఉంచిన చిన్నవి చాలా పోయాయి. చూడ్డానికి వెళ్లాను. గట్టు మీద చచ్చిన చేపలు పడి ఉన్నాయి. ఆయనే నన్ను లోపలికి తీసుకెళ్లి కాఫీ ఇప్పించారు. చేపల మాట ఎత్తలేదు. నేను తిరిగి వస్తుంటే మాత్రం బతికున్న కొరమేనులు ఉన్న బకెట్టు జీపులో పెట్టించారు. ఏలూరు వచ్చేదాకా అవి మూతని తలతో కొడుతూనే ఉన్నాయి.

ఆ బకెట్టులోని ఒక చేప నుంచి వచ్చిన కణాలు బతికాయి. మహా నెమ్మది. ఎండంటే భయం, ద్రవం మార్చడం ఆలస్యమైతే అలక. చూడ్డానికి కూడా పొందికగా ఉండేవి కావు. ఆవిడ ప్రతి కొన్ని వారాలకీ క్రోమోజోములు చూసేది. ప్రతిసారీ నూకల్లాగే ఉండేవి. ప్రతిసారీ నన్ను పిలిచి చూపించేది. గర్వపడ్డానికి పిలుస్తోందో, హెచ్చరించడానికి పిలుస్తోందో నాకు తెలిసేది కాదు.

ఇంకో చలికాలం కూడా వెళ్లిపోయాక, చివరికి కొక్కెం జన్యువు వాటిలో పెట్టాం. రెండు రోజులు ఆగి ఆవిడ మైక్రోస్కోపులోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. ఈసారి తలుపు తనే తెరిచి, "రండి సార్" అంది. గోడలు కరిగి, కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెద్ద పెద్ద మడుగుల్లా పరుచుకున్నాయి. ఎన్నేళ్లుగానో చూడాలనుకున్నది అదే. నిజమైన కొరమేను కణాలు, నిజమైన కొక్కెం. డైరెక్టరుగారు వచ్చి చూసి, ప్రకటన ఊసు ఎత్తకుండా, "ఇంకోసారి చేద్దామాండీ?" అన్నారు. ఇంకోసారి చేశాం. ఇంకో రెండుసార్లు చేశాం. ప్రతిసారీ కలిశాయి.

ఈ సంగతి మొదట తెలియాల్సింది మాస్టారికే అనుకుని ఫోన్ చేశాను. ఆనందంలో నా గొంతు డైరెక్టరుగారి గది దాకా వినబడిందట.

"మాస్టారూ! ఫలించిందండి! కణాలు కలిసిపోయాయండి!"

"చాలా సంతోషమండి. అంటే ఏంటండీ?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. తాడేపల్లిగూడెం ఆవిడ నా మొహం చూసి తల పక్కకి తిప్పుకుంది.

"అంటే... మీ కొరమేనులకి ఆ జబ్బు రావచ్చండి" అన్నాను.

అవతల మాస్టారి చెరువు మీది ఇంజను చప్పుడు వినిపిస్తోంది. దాని మీదుగా ఆయన అన్నారు:

"వచ్చి వెళ్లింది కదండీ." ఆ వెంటనే, ఎప్పటి మర్యాదతోనే, "అయినా అభినందనలండి."